ఆంటీ ఎత్తుకి మైకు

అమెరికాలో మా అల్ఫారెట్టా ఊరి తెలుగు చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో ఒక ఆంటీ ఉండేవారు. పాడే ముందు మైకుని తన ఎత్తుకి దించుకోందే నోరు తెరిచేవారు కాదు. ఆవిడ గొంతు జీరబోతోంది, ఇక మైకు వదిలెయ్యమని చెప్పడానికి క్వయర్ నన్ను పంపింది. నేను ఆవిడ కార్‌లో కూర్చుని నసుగుతుంటే, ఆంటీ ఒక సీడీ పెట్టారు. అది కంట్రీ పాటలు, అంటే ఇక్కడి పల్లె బాణీ పాటలు, రాసి పాడే ఓ ముసలాయన జీవితమంతా పాడినవాటి సంకలనం. మొదటి పాట పాతికేళ్ల గొంతు. చివర్లో అదే పాట, డెబ్బై దాటిన గొంతుతో, అక్కడక్కడా విరుగుతూ.

“ఏ గొంతుని నమ్మాలనిపించిందిరా?”

“రెండోదాన్ని, ఆంటీ.”

“మరి నన్ను మానెయ్యమంటావేం?”

ఆదివారం ఆవిడకంటే ముందే వెళ్లి మైకు దించిపెట్టాను. ఆంటీ వచ్చి, నన్నొకసారి చూసి, ఇంకో అంగుళం దించుకున్నారు.