చిన్నమ్మ పథ్యం: సిద్దిపేట దవాఖానకు ఒక పగటి ప్రయాణం

సిద్దిపేటకు ఎవరైనా కోమటిచెరువు చూడ్డానికో, గొల్లభామ చీర కొనడానికో వెళ్తారు. నేను పోయిన వారం మా చిన్నమ్మ కాలు కోసం వెళ్లాను. ఆ చీరలు నేసే మనిషే ఆమె. మగ్గం తొక్కే కాలికే మేకు గుచ్చుకుని పుండైంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన గోళీలు రెండు రోజులు వేసుకోవడం, నొప్పి తగ్గగానే మానేయడం, మళ్లీ సలిపితే ఇంకో రకం తేవడం. చివరికి చీము పరీక్షకు పంపితే, అందులోని సూక్ష్మజీవి చాలా మందులకు లొంగట్లేదని తేలింది. ఇక మిగిలింది ఒక్క ఇంజెక్షనేననీ, దానికీ తగ్గకపోతే పాదం కొంత తీసేయాల్సి రావచ్చన్నారనీ చిన్నాయన ఫోన్‌లో చెబుతూ ఏడ్చేశాడు. నాకింక మనసు నిలవలేదు.

ఉదయం ఏడింటికి జూబ్లీ బస్టాండ్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, మగవాళ్లు రెండు వందలు దగ్గర పెట్టుకుంటే చాలు. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. బస్టాండ్ బయట దవాఖానకు షేర్ ఆటోలు దొరుకుతాయి. నా సంచిలో రోగనిరోధక శక్తి పెంచుతుందని టీవీలో ఊదరగొట్టే పొడి డబ్బా ఒకటుంది. ధర చెప్పను, సిగ్గుచేటు. దవాఖాన ఎదురుగా ఉన్న మెస్‌లో పప్పన్నం, ఉడికిన గుడ్లు కట్టమన్నాను. కాలి పుండు మనిషికని తెలియగానే వంటామె చేయి ఆగిపోయింది.

"పుండున్నోళ్లకు పప్పు, గుడ్డు పెడ్తరా బిడ్డా? చీము పడ్తది గదా."

నాకు తిక్కరేగింది. డబ్బులిచ్చి, గిన్నె అందుకుని బయటపడ్డాను.

వార్డులో చిన్నమ్మను చూసి గతుక్కుమన్నాను. మనిషి సగమైంది. దవాఖానలో చేరినప్పటి నుంచీ చారు మెతుకులేనట. డాక్టరమ్మ తినమన్నప్పుడల్లా బుద్ధిగా తలూపి, రోజూ ఇచ్చే గుడ్డు పక్క మంచం ఆమెకు ఇచ్చేస్తోందట. నేను తెచ్చిన గిన్నె మీద కూడా, తింటే చీము పడుతుందంటూ మూత పెట్టేసింది. నేను ఊరుకుంటానా! చదువుకున్న డాక్టర్ మాట వినవు, ఆ మెస్సామె అన్న మాటే నువ్వూ అంటావా అని వార్డంతా వినేలా గయ్యిమన్నాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"కాలు తీసేస్తరేమోనని భయమైతుంది బిడ్డా. గందుకే నోరు కట్టుకున్న."

మొండితనమనుకున్నాను. ఆ కాలు దక్కించుకోవడానికే కడుపు మాడ్చుకుంటోంది.

పన్నెండింటికి డాక్టరమ్మ వచ్చారు. వయసులో నాకంటే చిన్నే. సంగతంతా చెప్పేశాను. కోప్పడతారనుకుంటే మంచం పట్టె మీద కూర్చున్నారు. నా పొడి డబ్బా చూసి, ఇది అక్కర్లేదు, ఆ గిన్నెలో ఉన్నదే కావాలన్నారు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, చీము గుడ్డుతోని రాదు. నీ రక్తంల కాపలా కణాలుంటయి. అవి సూక్ష్మజీవుల మీదికి కొట్లాటకు పోతయి. గాడ సచ్చినయే శానా మటుకు చీముల ఉంటయి. మా మందు ఒక్కటే గెలువలేదు, అవి గూడ కొట్లాడాలె. కొత్తయి పుట్టాలంటే నువ్వు తినాలె."

చిన్నమ్మ తన కాలి కట్టు వైపు చూసింది.

"గయన్నీ నాయేనా?"

"నీయే."

"పాపం, ఉత్త కడుపుతోని కొట్లాడిపిచ్చిన," అంటూ తనే మూత తీసింది. పప్పన్నం, ఒక గుడ్డు తిన్నది. ఇన్నాళ్లూ ఆమెతోపాటు చారు మెతుకులే తిన్న చిన్నాయనకు ఇంకో గుడ్డు అందించింది. ఆయన నోట్లో పెట్టుకోలేక తల తిప్పుకున్నాడు. నాకూ ఏడుపాగలేదు.

సాయంత్రం ఐదింటి బస్సుకు తిరిగొచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ఒంట్లో శక్తి పెంచుకోవడమంటే ఏదో కొత్తది కొనడమనుకుంటాం, ఉన్న తిండిని భయంతో మనమే ఆపేస్తున్నామేమో చూసుకోం. కాలు దక్కుతుందని ఇప్పుడే చెప్పలేను. ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. నిన్న కట్టు మార్చేటప్పుడు ఒక అంచున ఎర్రటి కొత్త కండ కనిపించిందని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పింది. మీరూ ఎవరినైనా చూడ్డానికి దవాఖానకు వెళ్తుంటే, పండ్లు కొనే ముందు వాళ్లు ఏం తినడం మానేశారో అడగండి, డాక్టర్ ఎదుటే అడగండి. ఆ ఫోన్ పెట్టేసే ముందు చిన్నమ్మ అన్న మాట చెప్పి ముగిస్తాను: "మళ్ల వచ్చేటప్పుడు గుడ్లు జర ఎక్కువ తే బిడ్డా, నాయి ఇంక కొట్లాడుతున్నయి."