బాబా సీట్లో నా బరువు

బాబా బరువూ నా బరువూ దాదాపు ఒకటేనని ఆసుపత్రిలో తెలిసింది. బాబా అంటే నేను పనిచేసే ఇంటి పెద్దాయన. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం అందరం యజమానిని అలాగే పిలుస్తాం. పక్షవాతం వచ్చి ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. కాటా మీద ఒంటరిగా నిలబడలేరు. అందుకని ముందు నన్ను ఆయన్ని పొదివి పట్టుకుని ఎక్కమన్నారు, తరువాత నన్ను ఒక్కదాన్నే ఎక్కమన్నారు. ఇద్దరి బరువులోంచి నాది తీసేస్తే మిగిలింది కూడా నా బరువే, కిలో అటో ఇటో. నర్సు నవ్వింది. బాబా నవ్వలేదు.

"అయితే రోజూ నన్ను మంచం మీంచి లేపేటప్పుడు నిన్ను నువ్వే మోసుకుంటున్నావన్నమాట," అన్నారు.

మాది గోదావరి పక్క. మా ఆయన పోయాక సౌదీలో ఈ ఖతీఫ్ ఊరు వచ్చి ఈ ఇంట్లో చేరాను. చదువు లేదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు. నా అరబీ వంటింట్లో వచ్చిన అరబీ. కార్ల గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. అయినా ఒక కారు సరిగ్గా నిలబడడానికి నేను అందులో కూర్చోవలసి వచ్చింది.

ఆ కారు పెట్టెల్లో వచ్చింది. చమురు కంపెనీలో పని విరమించాక బాబా ముచ్చటపడి తెప్పించుకున్నారు. ముక్కలుగా పంపుతారు, కొన్నవాళ్ళే బిగించుకోవాలి. తలుపుల్లేవు, పైకప్పు లేదు. పొడుగాటి ముక్కు, దాని వెనక నేలకు జానెడు ఎత్తులో రెండు సీట్లు. మా రేవులో దోనెకు ఎవరో చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. ఇంటావిడ దాన్ని ఇనప తొట్టి అనేది. బాబా, ఆయన చిన్నకూతురు కలిసి షెడ్డులో దాన్ని బిగించుకుంటూ వచ్చారు. సగంలో ఉండగా ఆయన మంచాన పడ్డారు. మిగతా సగం ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని కుడిచేత్తో చూపిస్తుంటే చిన్నమ్మాయి బిగించింది. కుడి పక్క సీటు మాత్రం బాబా జబ్బు పడక ముందే తన చేతులతో తోలు తొడిగి బిగించుకున్నారు. అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

కారు నడిచింది గాని బుద్ధిగా నడవలేదు. బ్రేకు వేస్తే ఒక పక్కకి ఈడ్చేది. మలుపులో వెనక భాగం జారిపోయేది. ఇలాంటి కార్లను నడిపి చూసి సరిచేసే దొర ఒకాయన బహ్రెయిన్‌లో ఉన్నాడని తెలిసి చిన్నమ్మాయి పిలిపించింది.

ఆ పిల్ల కోరిక ఒకటే, నాన్నను ఆ కుడి సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పాలని. బాబా కోరికా ఒకటే, ఆ సీటు పీకేయించి కారును కూతురొక్కదానికే సరిచేయించాలని. ఇప్పుడు ఆడపిల్లలు కూడా కార్ల పోటీలకు వెళుతున్నారు, ఆమె కూడా వెళ్ళాలని ఆయన ఆశ. ఈ మాట తండ్రీ కూతుళ్ళు ఒకరికొకరు చెప్పుకోలేదు. ఇద్దరూ నాకు చెప్పారు. నేను ఇద్దరికీ అన్నం వడ్డించి నోరు మూసుకున్నాను.

చలికాలం, ఎండ హాయిగా ఉన్న పొద్దు. ఊరికి దూరంగా, ఇసుక మధ్యలో తారు పోసిన పెద్ద మైదానం. కారును లారీ మీద తెచ్చారు. మమ్మల్ని ఇంటి డ్రైవరు తెచ్చాడు. అతను కరీంనగర్ వాడు, నన్ను అక్కా అంటాడు. దొర ఇంగ్లీషులో మాట్లాడితే నాకు తెలుగులో చెప్పడం ఆ రోజు అతని పని. అందులో సగం ఎగతాళి.

దొర ముందు కారును ముట్టుకోలేదు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్లలో గాలి చూశాడు. తరువాత ఒంటరిగా ఎక్కి మైదానం చుట్టూ నడిపి వచ్చి, కారుకు రెండు పక్కలా పొడుగునా దారాలు లాగి కట్టాడు.

"మా తాపీమేస్త్రి గోడ కట్టేటప్పుడు ఇలాగే కడతాడు తమ్ముడూ," అన్నాను.

"గోడ ఉర్కదు గదనే అక్కా. ఇది ఉర్కుతది. చక్రాలు సీదా ఉన్నయా లేవా జూస్తున్నడు." కాసేపు దొర మాట విని మళ్ళీ అన్నాడు. "ఎనుక చక్రాలు వేళ్ళు బయటికి పెట్టి నడుస్తున్నయట."

"బాతు నడకన్నమాట."

"గదే. నీ లెక్క."

"నా నడక సంగతి నీకెందుకురా?"

దొర కింద పడుకుని పానాలు తిప్పి చక్రాల బాతు నడక మాన్పించాడు. తరువాత నాలుగు పల్చటి కాటాలు తీసి చక్రానికొకటి చొప్పున కింద పెట్టాడు. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో దేనికదే చూపిస్తుంది. కారు మరీ తేలిక. మనిషి ఎక్కితే చాలు, అంకెలన్నీ మారిపోతాయి. చిన్నమ్మాయి ఎక్కి కూర్చుంది. దొర కాగితం మీద ఏదో వేసుకుని ఒక ప్రశ్న అడిగాడు.

"బండిల రోజు ఎంతమంది కూసుంటరు అని అడుగుతున్నడు," అన్నాడు డ్రైవరు.

"ఇద్దరు," అంది చిన్నమ్మాయి.

"ఒక్కరు," అన్నారు బాబా.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. దొర ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, పానా కింద పెట్టేశాడు.

తరువాత తండ్రీ కూతుళ్ళు అరబీలో అందుకున్నారు. గొంతులు పెద్దవి కాలేదు, ఆ ఇంట్లో ఎవరూ అరవరు.

"ఆ కుడి సీటు తీయించెయ్యి. బరువు దండగ."

"అది ఎవరు బిగించారు బాబా?"

"నేనే. అందుకే తీయమనే హక్కు కూడా నాదే."

"మీరు కూర్చోవడానికి కదా బిగించింది?"

"అప్పుడు నాకు రెండు కాళ్ళున్నాయి. ఇప్పుడు తలుపు లేని ఆ కారు పక్కగోడ దాటి ఎలా దిగుతాను? క్రేను తెప్పిస్తావా?"

"ఖాలా దింపుతుంది." ఖాలా అంటే పిన్ని. ఆ పిల్ల నన్ను అలా పిలుస్తుంది. "ఏం ఖాలా, దింపవూ?"

"నన్ను మధ్యలోకి లాగకండి తల్లీ," అన్నాను.

లాగనే లాగారు. ఇద్దరితో కారు ఎలా ఉంటుందో ముందు చూస్తాను, వాదులాట తరువాత పెట్టుకోండి అన్నాడట దొర. కుడి సీట్లో బరువు కావాలి. మామూలుగా ఇసుక మూటలు పెడతాడట గాని అవి కదులుతాయి, మనిషైతే మేలట.

"బాబా బరువూ ఖాలా బరువూ ఒకటే," అంది చిన్నమ్మాయి.

"అక్కా, లే. బియ్యం బస్తా దొరుకలేదట," అన్నాడు డ్రైవరు.

ఒంటి మీది పొడుగాటి నల్ల అబాయా పైకి దోపుకుని, డ్రైవరు భుజం పట్టుకుని, గోడ దాటి ఆ గుంటలోకి దిగాను. తలగుడ్డ మీద హెల్మెట్ పెట్టారు. భుజాల మీంచి రెండు పట్టాలు, నడుముకి రెండు, అన్నీ బొడ్డు దగ్గర బిగించారు. ఊపిరి పీల్చడానికి మాత్రం చోటు వదిలారు.

"చంద్రుని మీదికి వోతున్నవా అక్కా?"

"నువ్వు లేని చోటికి ఎక్కడికైనా సరే పోతాను."

దొర మా ఇద్దరి అంకెలు రాసుకుని చిన్నమ్మాయిని దింపాడు, తను ఎక్కి కారు తీశాడు. మొదట మెల్లగా పెద్ద సున్నా చుట్టినట్టు తిప్పాడు. ఆ సున్నా మీదే వేగం పెంచుతూ పోయాడు. నా కడుపు ఒక పక్కకి చేరింది. ఏసయ్యా అన్నాను, మళ్ళీ ఏసయ్యా అన్నాను, ఆ తరువాత అనడానికి గాలి అందలేదు. తిన్నగా పోనిచ్చి ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. స్టీరింగు మీంచి చేతులు తీసేసి మరీ తొక్కాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కారు తిన్నగా నిలబడి ఉంది, ఒక పక్కకి బెత్తెడు కూడా పోలేదు. దొర నా వైపు తిరిగి బొటనవేలు చూపించాడు. నేను కూడా చూపించాను. దాని అర్థమేంటో ఆయనకే తెలియాలి.

దిగొచ్చాక దొర చెప్పినది ఇది. ఈ కారుకు ఒకరు కూర్చోవడం వేరు, ఇద్దరు కూర్చోవడం వేరు. స్ప్రింగుల కింద మరలుంటాయి, వాటిని తిప్పి బరువును నాలుగు చక్రాలకు పంచాలి. ఒక్కరికి పంచితే, రెండో మనిషి ఎక్కినప్పుడు లెక్క తప్పుతుంది. ఇద్దరికి పంచితే, ఒక్కరు ఎక్కినప్పుడు తప్పుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. ఏది కావాలో మీరు తేల్చుకోండి.

"ఇద్దరికి సరిచేసిన కారును ఒక్కదాన్నే నడపలేనా?" అని చిన్నమ్మాయి అడిగింది.

దొర కొంచెం ఆలోచించి చెప్పాడు. డ్రైవరు ఆ మాట ఎగతాళి లేకుండా తెలుగులో అన్నాడు. "నడుస్తదట అక్కా. ఆగిపోదు. ఒక పక్క తేలికగ ఉంటదట, గంతే. చెయ్యికి అలవాటు కావాలంటున్నడు."

మా ఆయనకు మోపెడ్ ఉండేది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని చేపల తట్టలతో సంతకు వెళ్ళేవాడు. నేను రాని రోజు బండి గుంటల్లో ఎగిరెగిరి పడుతోందని వచ్చి నన్ను తిట్టేవాడు. బరువు లేకపోతే నా మీద కోపమేంటి అనేదాన్ని. ఆయన పోయాక ఆ బండి మీద నేనే సంతకు వెళ్ళాను కొన్నాళ్ళు. నడిచింది.

"చూశావా? పోటీలో ఆ తేలికే నిన్ను వెనక పడేస్తుంది," అన్నారు బాబా కూతురితో. "ఒక్కదానికే చేయించుకో. సీటు తీయించు. ఖలాస్."

చిన్నమ్మాయి కారు అంచు మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అలా ఎంతసేపు నిలబడేదో గాని, బాబా నా వైపు తిరిగారు.

"ఎలా ఉంది?" అన్నారు.

"ఏది బాబా?"

"సీటు."

నాకు వచ్చిన అరబీలో చెప్పాను. "మోకాళ్ళు పైకి వస్తాయి. వీపుకి బాగుంది, ఎక్కడా గుచ్చుకోదు. ఇంజను వేడి ఎడమ కాలికి తగులుతుంది. ముందు ఏమీ కనబడదు, ఆ ఎర్ర ముక్కూ, దాని పైన ఆకాశం, అంతే. చెయ్యి బయటికి పెడితే నేల అందుతుందేమో అనిపిస్తుంది. తోలు వాసన ఇంకా పోలేదు."

"మలుపులో జారిపోయావా?"

"లేదు. రెండు పక్కలా పట్టుకుంది."

"ఆ పక్కలకు దూది ఎక్కువ పెట్టాను," అన్నారు. తరువాత చాలాసేపు ఆ సీటు వైపే చూశారు. చూసి చూసి అడిగారు. "నా ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?"

చిన్నమ్మాయి తల ఎత్తింది. నేను మాత్రం పని మాటే చెప్పాను, అంతకంటే చెబితే ఆయన వెనక్కి తగ్గేలా ఉన్నారు. "మధ్యలో వదిలితే గేరు కర్రకు అడ్డం పడుతుంది. నడుము పట్టా కింద దోపుతాను. అక్కడ కదలదు."

"వేడి తగిలితే నాకు తెలియదు, ఆ కాలికి స్పర్శ లేదు."

"తడి తువ్వాలు మడిచి పెడతాను."

"సరే," అన్నారు. "యల్లా, ఎక్కించండి."

ఆయన్ని లేపడం నాకు కొత్త కాదు, ఆ గుంటలోకి దింపడమే కొత్త. చక్రాల కుర్చీని కారు పక్కకి ఆనించాం. నేను చంకల కింద పట్టుకున్నాను, డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాడు. పడిపోయిన కాలు ముందు లోపలికి దించి, తరువాత నడుము, ఆఖరుకి మంచి కాలు ఆయనే లాక్కున్నారు. దొర సాయానికి రాబోతే చిన్నమ్మాయి ఆపింది. "ఆమెకు తెలుసు," అంది.

తిరిగి రాగానే దొర కారును మళ్ళీ కాటాల మీదే నిలిపాడు. చిన్నమ్మాయి తన సీట్లో కూర్చుంది. దొర అంకెలు చూసి, ముందు రాసుకున్న కాగితం చూసి, మళ్ళీ అంకెలు చూశాడు. నా బరువుతో ఉన్నప్పటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. ఆసుపత్రిలో తూచింది ఎండాకాలంలో. అప్పటి నుంచి ఆయన తగ్గుతూ వచ్చారు. కాటాలు చూడవలసిన అవసరం నాకు లేదు. రోజూ లేపే చేతులకు తెలియదా? ఇంటావిడకు రెండుసార్లు చెప్పాను కూడా. చిన్నమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఆ కాటాలే చెప్పాయి.

దొర మెత్తగా అడిగాడు. డ్రైవరు నా చెవిలో అన్నాడు. "పెద్దాయన బరువుకి బిగియ్యాల్నా, అక్క బరువుకి బిగియ్యాల్నా అంటున్నడు."

చిన్నమ్మాయి అంకెల వైపు చూస్తూనే ఉంది. తరువాత అరబీలోనే చెప్పింది, అందరికీ వినబడేలా.

"ఖాలా బరువుకే బిగించమనండి. బాబా తింటారు."

దొర వంగి మరలు తిప్పాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ మైదానం చుట్టూ తిరిగి వచ్చారు, మెల్లగా, తరువాత అంత మెల్లగా కాకుండా. దూరం నుంచి ఆయన కుడి చెయ్యి ఒక్కటే కనిపించింది, గాలిలోకి చాపి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నంలో చేప పెట్టాను. బాబా నాలుగు ముద్దలు తిని కంచం తోసేశారు. ఎదురుగా కూర్చున్న చిన్నమ్మాయి తన కంచంలోంచి తల ఎత్తలేదు.

"బండి ఎడమకి వాలుతుంది బాబా," అంది.

ఆయన కంచాన్ని కుడిచేత్తో తనవైపు లాక్కున్నారు.

"ముల్లు తీసిపెట్టు," అన్నారు నాతో.