ఏడో నంబర్ ఎలుక, కుడివైపు సీసా

ఒక సంగతి ఇంతవరకు ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. ఏడో నంబర్ బోనులో ఆల్కహాల్ ఎలా ఖాళీ అయిందో నాకు మొదటిరోజే తెలుసు. తెలిసీ రెండు రోజులు నోరు విప్పలేదు.

అది 1981. హనుమకొండలో ఒక కాలేజీ ఫార్మకాలజీ ల్యాబులో, అంటే మందులు ఒంట్లో చేసే పనిని పరిశీలించే చోట, టెక్నీషియన్‌గా చేరిన కొత్త. తవుడు వాసన, తెల్ల ఎలుకలు సీసా గొట్టాలు నాకే చిటచిట చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్లి కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

మెదడులో కబుర్లు మోసే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. అది తక్కువైతే ఎలుకకు ఆల్కహాల్ మీద మక్కువ పెరుగుతుందా, పెంచే మందిస్తే తగ్గుతుందా అన్నది మా సార్ పరిశోధన. ప్రతి బోనుకు రెండు సీసాలు: ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో పలుచగా కలిపిన ఆల్కహాల్. కొన్ని ఎలుకలు రుచి చూడవు, అలవాటైన వైపే మూతి పెడతాయి. అందుకే రోజూ సీసాల చోట్లు మార్చాలి. ఆ పని నాది.

మేత వేసేది అటెండర్ కొమురయ్య. గుడుంబా, అంటే నాటుసారా, తాగడం మానేసి ఏడాదైంది.

"ఎలుక తాగితె మందిస్తాన్రు, నేను తాగితె తిట్లు పెట్టిన్రు. ఎలుకనై పుట్టకపోతి బిడ్డా!" అని నవ్వించేవాడు.

బతుకమ్మకు మూడు రోజులు సెలవు. సీసాలు నిండా నింపాను. రోజూ వచ్చి మార్చాల్సింది. ఇంట్లో పూలు పేర్చే సందడి తలుచుకుని, రిజిస్టర్‌లో ముందే మూడు టిక్కులు పెట్టేసి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి ఏడో నంబర్ ఆల్కహాల్ సీసా అడుగంటింది. సార్ నా టిక్కులు చూసి, కొమురయ్య వైపు తిరిగారు.

"సీసాలు రోజూ మారాయి, ఎలుక ఇంత తాగదు. మూడు రోజులూ పొద్దున్నే మేత వేయడానికి ఒంటరిగా వచ్చింది నువ్వే. మళ్లీ మొదలుపెట్టావా?"

"పిల్లల మీద ఒట్టు సార్, ముట్టలే."

"ఎల్లుండి ప్రిన్సిపాల్‌కు రాసి పంపుతా. నీ ఉద్యోగం సంగతి ఆయనే చూస్తాడు."

ఏడో నంబర్‌ది ఎప్పుడూ కుడివైపే. ఆ మూడు రోజులూ కుడివైపు ఉన్నది ఆల్కహాల్. సార్‌కు చెప్పకుండా, ఇంటికెళ్లి ఆ సంగతి డైరీలో రాసుకున్నాను. మర్నాడూ రాసుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే రిజిస్టర్ తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టాను.

"ఈ టిక్కులు అబద్ధం సార్. నేను రాలేదు."

ఆయన ప్రిన్సిపాల్‌కు రాసిన కాగితం చింపి, ప్రయోగం మొదటినుంచి పెట్టించారు. ఈసారి నేను రోజూ మార్చాను. మందు ఇచ్చాక తాగడం తగ్గించిన ఎలుకల్లో ఏడో నంబరూ ఉంది.

చెయ్యని పనికి టిక్కు పెట్టకూడదని అప్పుడు నేర్చుకున్నాను. అది చిన్న పాఠమే. ఆ నెలాఖరులో కొమురయ్య అడిగి మరీ హాస్టల్‌కు బదిలీ చేయించుకున్నాడు. వెళ్లే రోజు ల్యాబు తాళాలు నా చేతిలో పెడుతుంటే, "తప్పైంది కాకా" అన్నాను.

"నీకు మొదటి దినమే ఎరుకనా?" అని అడిగాడు.

నేను తలొంచుకున్నాను.

"ఎరుకైన్నాడే చెప్పాలె బిడ్డా. ఆ రెండు దినాలు నా ఇంటిది బువ్వ పెట్టింది గని, నా మొకం దిక్కు చూడలే."