గోనెసంచిలో నరసింహుడు

ఆళ్లగడ్డ శిల్పి వీరాచారి ఎవర్నీ నమ్మడు. పక్కవాడు తొంగిచూస్తే చాలు, చెక్కుతున్న బొమ్మ మీద తువ్వాలు కప్పేస్తాడు. కొనేవాడు దొరికేదాకా విగ్రహానికి కళ్లు చెక్కడు. కళ్లు తెరవని దేవుణ్ణి దొంగిలించినా పూజకు పనికిరాడని అతని ధీమా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు మైసూరు దసరా ప్రదర్శనలో అమ్ముదామని మూరెడు నరసింహస్వామిని గోనెసంచిలో కుట్టి నంద్యాలలో రైలెక్కాడు. సంచిని ముందు పెట్టుకుని, దానిమీద రెండు కాళ్లూ గట్టిగా ఆనించి కూర్చున్నాడు. ఎదుటి బల్లమీద గాజులమ్మే ముసలాయన దస్తగిరి. సంచి చిరుగులోంచి సింహపు ముక్కు బయటపడింది. దస్తగిరి మాటిమాటికీ దానివంకే చూస్తూ, తన కాళ్లు బల్లమీదికి ముడుచుకున్నాడు. అదను చూసి సంచి మీదికి దూకడానికేనని వీరాచారికి అనుమానం.

"ఏందప్పా, అట్ల చూస్తాండావు?" అని గద్దించాడు.

"ఏమనుకోవద్దప్పా. సామి మీద కాళ్లు పెట్టినావు. చెప్దామంటే నోరు రాల్యా."

"ఇంగా కండ్లు తెరిపీలేదులే. ఉత్త రాయి."

ద్రోణాచలంలో దస్తగిరి దిగిపోయాడు. ఆయన గుంపులో కలిసిపోయేదాకా వీరాచారి కిటికీలోంచి కనిపెట్టి చూశాడు. తర్వాత మెల్లగా కాళ్లు తీసి బల్లమీద మఠం వేసుకున్నాడు. సంచి తాడు కొసను మాత్రం మణికట్టుకు ముడివేసుకున్నాడు.