తుంటికి పోయే బస్సు

కపలములా బంబో రోజూ పొద్దున ఆపరేషన్ గదిలోకి వస్తూనే చేతులు కడుక్కుని, గొంతు సవరించుకుని, మినీబస్సు కండక్టరు కేక ఒకటి వేసి చూసుకునేవారు. బంబో అంటే మా దగ్గర అయ్యగారు. ఆయన ఉద్యోగం మత్తుమందు ఇవ్వడం. అయినా బ్లాంటైర్‌లో కీళ్లు మార్పించుకున్నవాళ్లను అడిగితే, ఆయన కండక్టరనే చెబుతారు.

కీలు మార్చేముందు, క్రిములు చేరకుండా చేతి నరంలోకి మందు ఎక్కిస్తారు. అది కీలుదాకా పాకాకే కోత. క్రిమి గానీ పాతుకుపోయిందా, పెట్టిన కొత్త కీలు పీకెయ్యాల్సిందే. ఆ ఎదురుచూపులో బంబో బస్సు నడిపేవారు.

సికిల్‌సెల్ జబ్బు నా తుంటి కీళ్లు రెండింటినీ చిన్న వయసులోనే తినేసింది. మొదటిసారి ఆపరేషన్‌కి చిన్నమ్మ తోడొచ్చింది.

"లింబె, జోంబా, మంగోచీ! ఎక్కాలి, ఎక్కాలి!" అని దారిలో వచ్చే ఊళ్ల పేర్లు కేకేస్తూ బంబో మందు ఎక్కించారు. "తల్లీ, నీ మోచెయ్యి లింబె. గుండె జోంబా. తుంటి మంగోచి. అదిగో, వచ్చేశాం!"

తలుపు బయట చిన్నమ్మ ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది.

రెండో తుంటి నాటికి చిన్నమ్మ లేదు.

"వెంట ఎవరొచ్చారు?" అని నర్సు ఎస్నార్ట్ అడిగింది.

"ఎవరూ లేరు."

బంబో విన్నారు. నడుముకు సూది వేశాక నా కాళ్లు నావి కాకుండా పోయాయి. పైన దీపం తప్ప నాకేమీ కనబడలేదు.

"ఎంజులీ! దిగేవాళ్లున్నారా?" అని చేతికి మందు ఎక్కిస్తూ బంబో కేకేశారు.

ఈ ఊరు కిందటిసారి లేదే! "లేరండీ," అన్నాను.

"సరిగ్గా చూడమ్మా. వెనక సీట్లో కోడిపుంజుతో ముసలమ్మ ఉంది."

"నిద్రపోతోంది."

"నిద్రపోతే టికెట్టు మాఫీయా? లేపు!"

నా నడుముకు అడ్డంగా కట్టిన గుడ్డ వెనకనుంచి డాక్టరుగారు తల ఎత్తారు. "బస్సు చేరిందా, కపలములా?"

"రోడ్డుమీద మేకలండీ."

"చాలా ఉన్నాయా?"

"మందండీ, మంద!"

డాక్టరుగారు కత్తి పక్కన పెట్టి మేకలు దాటేదాకా ఆగారు. థోండ్వెలో టమాటాలు బేరమాడాం. జోంబాలో టైరు పంక్చరయింది. ముసలమ్మ కోడి తప్పించుకుంది. నేను పకపకా నవ్వుతున్నాను.

"మందు ఇంత నెమ్మదా, బంబో?"

ఎస్నార్ట్ ముఖానికి కట్టిన గుడ్డలోంచే నవ్వింది. "మందు ఎప్పుడో చేరిందమ్మా. మనుషులున్నవాళ్లకి ఈయన బస్సు ఎక్స్‌ప్రెస్సు. ఒంటరిగా వచ్చినవాళ్లకే ఊరూరా ఆగుతుంది."

"నోరు ముయ్యి, ఎస్నార్టూ! ప్రయాణికుల్ని కంగారుపెట్టకు," అని బంబో కసిరి, నా తల దగ్గరికి స్టూలు లాక్కున్నారు. "మంగోచీ! దిగు తల్లీ, నెమ్మదిగా. నీ సామాను నేను పట్టుకుంటాలే."

ఇప్పుడాయన రిటైరయ్యారు. లింబె బస్టాండు వెనక ఒక గదిలో ఒక్కరే ఉంటున్నారు. ఆదివారాలు నేను నడిచే వెళ్లి చూసొస్తుంటాను. ఆయన మాత్రం ఎక్కడికీ రారు. మినీబస్సు ఎక్కితే వాంతులట.