వాపసు రాని లారీ

ఒక లారీ పసుపు బరువును ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఆ లారీ లేదు. ఎప్పుడూ లేదు. లేని లారీకి ఇంత బరువుంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. ఎందుకంటే లేనివాటిని ఉన్నట్టు చెప్పి జనాన్ని నవ్వించడమే నాకు వచ్చిన విద్య. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఆర్మూర్ పసుపు మార్కెట్లో ఒక సేటు దగ్గర సరుకు చూసే పని నాది. రైతు కుప్ప పోయగానే అందులోంచి ఒక కొమ్ము తీసి, టక్కున విరిచి, లోపలి రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, సరుకు ఎలాంటిదో చెప్పాలి. నా ముక్కు మీద మార్కెట్టంతటికీ నమ్మకం. నా నోటి మీద మాత్రం ఎవరికీ లేదు. అంకాపూర్‌లో ఒకాయన మక్క కంకులు కోయడానికి నిచ్చెన వేసుకున్నాడని, మోర్తాడ్ నుంచి దుబాయి పోయినవాడు అక్కడ తుమ్మితే ఇక్కడ వాళ్లమ్మ దీర్ఘాయుష్షు అందని, చాయ్ హోటల్లో నేను కోయని కోత లేదు. వినేవాళ్లకు అవి కోతలని తెలుసు. వాళ్లకు తెలుసని నాకూ తెలుసు. అందులో మోసం లేదు. అప్పటిదాకా లేదు.

ఎనభైలు ముగిసిపోతున్న రోజులవి. ఆర్మూర్ నుంచి బస్సులో పోతే, ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున ఒక ఊరుంది. దాని పేరు రాయను. పాత ఊరు నీళ్ల కిందికి పోతే, గట్టెక్కి మళ్లీ కట్టుకున్న ఊరు. కొందరు చేపలు పడతారు, కొందరు పసుపు, మక్క పండిస్తారు. ఊరి చివర పెద్ద పరుపుబండ ఒకటి వాలుగా నీళ్లలోకి దిగి ఉండేది. పొద్దెక్కేసరికి పెనంలా కాలేది. ఆ బండ మీద ఆడవాళ్లు చిన్న చేపలు పరిచి ఎండబెట్టేవాళ్లు. వాటిని బుట్టలకెత్తుకుని అంగడి రోజున ఆర్మూర్ తెచ్చి అమ్ముకునేవాళ్లు. వాళ్లలో అందరికీ ముందు నడిచే మనిషి గంగమణి. నాకంటే కొంచెం చిన్నది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. భర్త పడవ మీద చేపల వేటకు పోయినా, ఇల్లు నడిచేది ఈమె ఎండబెట్టిన చేపలతోనే.

ఆ ఊరికి రోడ్డు పడుతోందని తెలిశాక మా వ్యాపారుల కన్ను ఆ బండ మీద పడింది. ఉడకబెట్టిన పసుపు ఆరడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? అక్కడే కొని, అక్కడే ఆరబెట్టి, పక్కనే షెడ్డు వేసి పాలిష్ పట్టి, లారీ ఎక్కించవచ్చు. మా సేటు అందరికంటే ముందున్నాడు.

అప్పుడే ఒక ఆఫీసరు వచ్చాడు. ఒడ్డున ఉన్న ఊరు ముందుముందు ఎలా ఉండాలో ఊరివాళ్లూ వ్యాపారం చేసేవాళ్లూ కలిసి కూర్చుని తేల్చుకోవాలన్నాడు. చిన్న వయసువాడు, మంచివాడు. కాగితం మీద గీసిన నక్షా జనానికి అర్థం కాదని, బడి ముందు నేల అలికించి ముగ్గుపిండితో ఊరంతా గీయించాడు. నీళ్లు ఇక్కడ, బండ ఇక్కడ, రోడ్డు ఇక్కడ. ఎవరికి ఏ చోటు కావాలో అక్కడ వాళ్ల వస్తువు ఒకటి పెట్టమన్నాడు. రైతులు మక్క కంకి పెట్టారు. మా సేటు బండ గీసిన చోట పిడికెడు పసుపు కొమ్ములు పెట్టించాడు. గంగమణి నవ్వుతూ వచ్చి, ఆ కొమ్ముల పక్కనే ఒక చిన్న చేపల బుట్ట పెట్టింది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. ఆ ముందు వారమే చాయ్ హోటల్లో నేనొక కొత్త కోత కోశాను. చేపల పక్కన ఆరిన పసుపును ఒక లారీ నిండా, మహారాష్ట్రలో పెద్ద పసుపు మార్కెట్టున్న సాంగ్లీకి పంపారట. అక్కడ ఒక పెళ్లికూతురికి ఆ పసుపు పూస్తే, ఊళ్లో పిల్లులన్నీ ఆమె వెనక పడ్డాయట. మంగళవాద్యాల వెనక పిల్లుల బారు. పెళ్లికొడుకు పల్లకి దిగి పరారీ. దాంతో సాంగ్లీ వ్యాపారులు లారీకి లారీ వాపసు పంపారట. హోటల్ హోటలంతా పడిపడి నవ్వింది. ఒకడికి చాయ్ ముక్కులోకి పోయింది.

సభలో మా వ్యాపారులు, చేపలవాళ్లు వాదించుకున్నారు. బండ పెద్దదే గదా, చెరి సగం చేసుకొమ్మని ఆఫీసరు అన్నాడు. చాలామంది తలలూపారు. వ్యవహారం అక్కడితో ముగిసిపోయేదే. అప్పుడు నేను లేచాను.

ఎందుకు లేచాను? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు వేసుకున్నానో. సేటు చెప్పమన్నాడా? లేదు. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను, కూలికి ఉన్నవాణ్ణి, ఏం చేస్తాను అని. అది కూడా కోతే. సేటు నా వైపు చూడను కూడా లేదు. మరి ఆయన మెప్పు కోసమా? కొంత ఉండొచ్చు. కానీ అసలు సంగతి అంతకంటే చిన్నది, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది. అంత పెద్ద సభ. అంతమంది కూర్చుని ఉన్నారు. అందరూ మాట్లాడారు, నేనొక్కణ్ణే మాట్లాడలేదు.

లారీ కథ చెప్పాను. పిల్లుల్ని తీసేశాను. పెళ్లికూతుర్ని ఉంచాను, పల్లకిని తీసేశాను. మెల్లగా, గంభీరంగా, ఏదో బాధగా చెప్పాను. పిల్లులు ఉన్నంతసేపు అది నవ్వులాట. వాటిని తీసేసిన క్షణాన అది అబద్ధమైంది. తీసేస్తున్నానని నాకు తెలుసు. ఎందుకు తీసేస్తున్నానో కూడా తెలుసు. ఎవరూ నవ్వలేదు. నా మాటకు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, ఆ నిశ్శబ్దం నాకు చాలా తియ్యగా అనిపించింది.

వెనక నుంచి ఒక ముసలాయన మాత్రం అన్నాడు: "చేపలు తినేటోళ్లకే రాని వాసన, గా సాంగ్లీల ఉన్నోళ్లకు ఎట్ల వచ్చిందిరా?"

కొందరు కిసుక్కుమన్నారు. గంగమణి నవ్వలేదు. లేచి నా ముందుకు వచ్చింది.

"అన్నా, గా లారీ వాపస్ వచ్చిన ముచ్చట నిజమేనా?"

"నిజమే చెల్లె."

"మంది చెప్తే విన్నవా, నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన. నేనే కొమ్ము ఇరిచి వాసన చూసిన."

"మరి పోయినేడు మా పక్కింటోళ్ల పసుపు గీ బండ మీదనే ఆరింది గద. మా చేపలకు జానెడు దూరంల. నువ్వే చూసి మంచిగున్నదంటివి."

పట్టుకుంది. ఆ పసుపును నేనే విరిచాను, నేనే వాసన చూశాను, సేటుకు నేనే కొనమని చెప్పాను. మచ్చలేని సరుకు. చేపల వాసన దానికి రవ్వంత కూడా లేదు. అక్కడ ఆగిపోవచ్చు. "ఊకె అన్న చెల్లె, పరాచికం" అంటే చాలు, అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి.

"గిక్కడ ఇరిస్తే తెల్వది చెల్లె," అన్నాను. "సంచులల్ల కుట్టి, లారీల ఉక్కకు సాంగ్లీ దాంక పోయినంక ఎక్కుతది వాసన."

అది అక్కడికక్కడ, నోట్లోనే పుట్టింది. ఎంత బాగా పుట్టిందో. పక్కనున్న వ్యాపారులు కూడా అవునవునని తలలూపారు. సరుకు గురించి చెబుతున్నది ఆర్మూర్ మార్కెట్టు నమ్మే ముక్కు కదా.

 గంగమణి ఆఫీసరు వైపు తిరిగింది.

"సారూ, పసుపంటె ఆడిపిల్లల పెండ్లి సొమ్ము. మా చేపల వాసన ఎవరి పిల్ల పెయ్యికి అంటద్దు. మేము అవుతలికి జరుగుతం."

అని వంగి, తన చేతులతోనే ఆ బుట్టను బండ మీద నుంచి తీసి, ముగ్గు గీత దాటించి, పల్లంలో ఒండ్రుమట్టి ఉన్నట్టు గీసిన చోట పెట్టింది. ఆమె వెనకున్న ఆడవాళ్లు ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ఆఫీసరు సంతోషపడ్డాడు. ఊరివాళ్లు ఇష్టంతో ఒప్పుకున్నారని రాసుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఇష్టంతోనే ఒప్పుకుంది.

తిరిగి వస్తుంటే జీపులో సేటు నా భుజం తట్టాడు. "నీ నోరు ఇయ్యాల మంచిగ పనిచేసింది రా," అన్నాడు. నేను మురిసిపోయాను. అదీ రాయాలి కదా. ఆ సాయంత్రమంతా మురిసిపోయాను.

బండ మీద పసుపు పరిచారు. పక్కన షెడ్డు లేచింది. పల్లంలో మట్టి ఎండాకాలంలో కూడా చెమ్మగానే ఉండేది. చీరలు పరిచి వాటి మీద చేపలు పోశారు, వలలు కట్టి వాటి మీద పోశారు. సగం ఎండేవి, సగం కుళ్లేవి. అంగడిలో గంగమణి బుట్ట ముందు ఆగేవాళ్లు తగ్గిపోయారు. ఒకప్పుడు చేప చేతికి తీసుకుని చూడకుండానే కొనేవాళ్లు, ఇప్పుడు వాసన చూసి పోతున్నారు. ఒక్కొక్కరే మానుకున్నారు. గంగమణి చివరిదాకా ఉండి, ఆమె కూడా మానుకుంది. బీడీలు చుట్టడానికి కూర్చుంది. ఎండలో, నీళ్ల ఒడ్డున, గట్టిగా మాట్లాడుతూ బతికిన మనిషి. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దస్తమానం వంగి కూర్చోవడం ఆమెకు ఎలా ఉండి ఉంటుంది? నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

అంతటితో ఆగి ఉంటే ఒక్క తప్పే అయ్యేది.

తొంభైల్లో మళ్లీ ఒక సభ జరిగింది. అదే ఊరు, అదే బడి ముందు. ఈసారి వచ్చింది ఒక ఆఫీసరమ్మ. అప్పటికి బండ మీద సగం చోటు ఖాళీగా పడి ఉంటోంది. పసుపు ఆరబెట్టుకునే చోట్లు రైతులు పొలాల దగ్గరే చేసుకున్నారు. ఆ సగం మాకిస్తే మళ్లీ చేపల పని మొదలుపెట్టుకుంటామని ఒడ్డువాళ్లు అడిగారు. న్యాయమైన మాట. మా సేటు అప్పటికే చనిపోయాడు. ఆయన కొడుకు లేచి, గొంతు సవరించుకుని, లారీ కథ చెప్పాడు. నా కథ. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు. అది జరిగిందని అతను నిజంగా నమ్ముతున్నాడు. ఏళ్లుగా ఇంట్లో విన్న చరిత్ర అతనికి.

"నిజంగా జరిగిందా?" అని ఆఫీసరమ్మ అడిగింది.

జవాబు గంగమణి ఇచ్చింది. "అయింది మేడం. గా అన్న కండ్లార చూసిండు. గప్పుడు నాకు చెప్పిండు." ఇంత చెప్పి నా వైపు చూపించింది. ఆ చూపులో అనుమానం లేదు. నాకు సాక్షిగా ఆమె నిలబడుతోంది.

అందరూ నన్ను చూశారు. నోరు తెరవనక్కర్లేదు, తల అడ్డంగా ఊపితే చాలు. నేను నిలువుగా ఊపాను. ఒడ్డువాళ్లకు ఆ సగం దక్కలేదు.

మొదటిసారి సభ మురిపెం అనుకుందాం, తమాషా అనుకుందాం. రెండోసారి ఏమిటి? అప్పుడు సేటు లేడు, నన్ను ఎవరూ పొగడలేదు. కోతలరాయుణ్ణి అని పేరు పడ్డవాడు ఆ ఒక్క విషయంలో మాత్రం సత్యవంతుడు అనిపించుకున్నాడు. ఆ ఒక్కటి కూడా పోతుందని భయపడ్డాను. అంతే. ఒక ఊరి ఆడవాళ్ల బతుకు ఒక పక్క, నా పరువులో ఒక చిన్న ముక్క మరో పక్క. ముక్కనే ఎంచుకున్నాను.

చెప్పడానికి ప్రయత్నించలేదా అంటే, ఒకసారి చేశాను. చాయ్ హోటల్లో, అందరూ ఉండగా, ఆ లారీ వాపసు రాలేదని, అంతా నేనే కల్పించానని చెప్పాను. ఒకడు గ్లాసు కింద పెట్టి, "గిది మస్తున్నది, ఇంకా చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంకా నవ్వారు. నాకు ఒక విధంగా ఊరట కలిగింది, చెప్పినట్టూ అయింది, ఎవరూ నమ్మనట్టూ అయింది. ఆ ఊరట ఎంత నీచమైనదో ఇంటికి పోయాక తెలిసింది. ఒడ్డుకు పోయి ఆమె ఇంటి ముందు నిలబడి చెప్పాల్సిన మాటను, నవ్వుతారని తెలిసిన చోట చెప్పాను.

ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే ఎవరి నవ్వూ నాకు వినిపించదు. పెంచిన మాట ఇందులో ఒక్కటి లేదు. పెంచాలని చెయ్యి గుంజింది, రెండు మూడు చోట్ల కొట్టేశాను.

నా పేరు రాయలేదు. పిరికితనమే, వేరే పేరు పెట్టను. బండ ఇప్పుడు ఎవరిదో నాకు తెలుసు, దాన్ని తిరిగి ఇప్పించే తాహతు నాకు లేదు. గంగమణి ఉంది. చదువు రాదు. మీలో ఎవరైనా ఆ ఒడ్డుకు పోయేవాళ్లుంటే, ఈమే అని గుర్తుపడితే, కూర్చోబెట్టి ఇది చదివి వినిపించండి. మొత్తం చదవండి, మధ్యలో ఆపకండి. ఆమె తిడితే తిట్టనివ్వండి. ఏమీ అనకుండా చాట ముందుకు లాక్కుని బీడీలు చుట్టుకుంటే, అలాగే వదిలేసి లేచి రండి. నా తరఫున ఒక్క మాట కూడా కలపకండి. నేను చెప్పాల్సింది చెప్పేశాను.