ఎత్తిన చెయ్యి

తెల్లాపూర్ దాటాక ఉన్న చిన్న ట్రాక్ మీద శనివారాలు మేం, ఐటీ ఉద్యోగులం, కార్ల పందేలు పెట్టుకునేవాళ్లం. కార్లు ఒకదానికొకటి తగిలితే తప్పెవరిదో చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. పక్షపాతం అంటారేమోనని మాతో టీ కూడా తాగేవాడు కాదు. దూరంగా గొడుగు కింద ఒక్కడే కూర్చునేవాడు. గుద్దుకున్నప్పుడు సొట్టపడిన కారును కాదు, నడిపేవాడి చేతిని చూసేవాడు.

ఒకసారి ఒకే మలుపులో నేనూ, మా ఆఫీసులోని ఒకతనూ ముందున్న కార్లను గుద్దాం. ఆయన నన్ను వదిలేసి, అతన్ని చివరి స్థానానికి దించాడు.

"ఇద్దరం గుద్దినం గదా అన్నా, నాకొక్కనికే ఎందుకు శిక్ష?" అని అడిగాడు అతను.

"గీయన గుద్దంగనే చెయ్యెత్తి తప్పైందన్నడు. నువ్వు జర సూడనన్న సూడలే."

"గది రూల్స్‌ల యాడుంది?"

"లేదు," అన్నాడాయన నెమ్మదిగా.

ఒకే తప్పుకు రెండు తీర్పులేమిటని గొడవ పెరిగింది. ఇక రావద్దని మావాళ్లు ఆయనకు చెప్పేశారు. వాళ్ల మాటా న్యాయమే. కానీ పశ్చాత్తాపపడినవాణ్ని దేవుడు తోసివేయడని చర్చిలో ప్రతి ఆదివారం వింటూ పెరిగిన నాకు, ఆ క్షమ కళ్లారా కనబడింది మాత్రం ఆ మలుపులోనే.

ఆ సాయంత్రం ఆయన గొడుగు మడిచి గేటు దాకా వెళ్లి, మా వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"బై అన్నా, పైలం!" అని ఎవరో అరిచి నవ్వారు.

ఆ ట్రాక్ మీద ఎత్తిన చేతికి అర్థం ఒక్కటే. ఆయన పద్ధతి ప్రకారమైతే ఆయన్ని ఉండమనాలి. మాలో ఒక్కరమూ అనలేదు.